సీటొచ్చింది సరే.. క్యాంపస్‌లో పిల్లల హక్కుల సంగతేంటి?

యూనివర్సిటీలో సీటు వస్తే చాలు, ఇక అంతా సాఫీగా సాగిపోతుందని చాలా కుటుంబాలు అనుకుంటాయి. మిఠాయి పంచుతారు, బంధువులకు ఫోన్లు చేస్తారు. అసలు కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. ఫీజు వాయిదా దగ్గర పడుతుంది. ఆధార్‌లో పేరు, పదో తరగతి మెమోలో పేరు కలవవు. ఇంగ్లిష్‌లో చెప్పే పాఠం చెవికి అందదు. హాస్టల్‌లో ఎవరో అన్న మాట మనసులో గుచ్చుకుని ఉండిపోతుంది. ఇలాంటి చోటే చదువు ఆగిపోయే ప్రమాదం ఉంది.

వీటిలో దాదాపు ప్రతి సమస్యకూ ఎక్కడో ఒక నిబంధన రాసి ఉంది. వినాల్సిన కమిటీ ఉంది, జవాబు ఇవ్వాల్సిన గడువు ఉంది. ఆ సంగతి విద్యార్థికి తెలియదు, ఇంట్లో వాళ్లకు అసలే తెలియదు. యూనివర్సిటీలు ‘ఈక్విటీ’, ‘ఇన్‌క్లూజన్’ అని వాడే మాటల వెనక ఉన్న అసలు విషయం ఏమిటి, అది ఒక ముస్లిం కుటుంబానికి ఎక్కడ పనికొస్తుంది అన్నది ఈ కథనం.

లెక్కలు ఏం చెబుతున్నాయి?

2006 నవంబర్‌లో ప్రధానికి అందిన సచార్ కమిటీ నివేదిక ఉన్నత విద్యలో ముస్లింల పరిస్థితిని మొదటిసారి అంకెల్లో వివరంగా పెట్టింది. పేరున్న కాలేజీల్లో డిగ్రీ స్థాయిలో ప్రతి 25 మంది విద్యార్థుల్లో ఒక్కరు మాత్రమే ముస్లిం అని, పీజీలో ప్రతి 50 మందికి ఒక్కరేనని అది తేల్చింది.

అప్పటికీ ఇప్పటికీ కొంత మార్పు ఉంది. కేంద్ర విద్యాశాఖ ఉన్నత విద్య సర్వే ప్రకారం 2014-15లో దేశం మొత్తం మీద 15.34 లక్షల మంది ముస్లిం విద్యార్థులు ఉన్నత విద్యలో ఉంటే, 2021-22 నాటికి ఆ సంఖ్య 21.1 లక్షలకు చేరింది. వీరిలో దాదాపు సగం మంది అమ్మాయిలే. ఇది చిన్న విషయం కాదు.

కానీ అదే 2021-22లో దేశంలో మొత్తం విద్యార్థులు 4.33 కోట్ల మంది. అంటే ప్రతి వంద మందిలో ముస్లింలు ఐదుగురు కూడా లేరు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశ జనాభాలో ముస్లింల వాటా 14.2 శాతం. పైగా 2019-20లో సుమారు 21 లక్షలు ఉన్న సంఖ్య కరోనా ఏడాది 2020-21లో 19.2 లక్షలకు పడిపోయి, మళ్లీ పైకి లేచింది. ఇంట్లో ఆదాయానికి ఒక్క దెబ్బ తగిలితే చదువు ఎంత త్వరగా ఆగిపోతుందో ఈ అంకె చూస్తే అర్థమవుతుంది.

సమానం అంటే అందరికీ ఒకే కొలతా?

ఒకే క్లాసులో ఇద్దరు విద్యార్థులు ఉన్నారనుకుందాం. ఒకరు చిన్నప్పటి నుంచి ఇంగ్లిష్ మీడియం, ఇంట్లో తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగస్తులు. ఇంకొకరు ఉర్దూ మీడియం నుంచి వచ్చారు, తండ్రి ఆటో నడుపుతారు, ఇంట్లో డిగ్రీ గడప తొక్కిన మొదటి మనిషి. ఇద్దరికీ ఒకే పుస్తకం, ఒకే పరీక్ష, ఒకే ఫీజు గడువు పెడితే పైకి అది సమానంగానే కనిపిస్తుంది. ఫలితం మాత్రం సమానంగా రాదు.

అందుకే మొదలు పెట్టిన చోటు వేరైనప్పుడు ఇచ్చే ఆసరా కూడా వేరుగా ఉండాలి. ఈక్విటీ అంటే ఇదే. వచ్చిన విద్యార్థి ‘ఇది నా చోటు కాదేమో’ అనుకోకుండా చూసుకోవడం ఇన్‌క్లూజన్. రాజ్యాంగం కూడా ఈ తేడాను గుర్తించింది. 14వ అధికరణ చట్టం ముందు అందరూ సమానమంటుంది. 15(4), 15(5) అధికరణలు సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన వర్గాలకు ప్రత్యేక ఏర్పాట్లు చేయడానికి ప్రభుత్వానికి అధికారం ఇస్తాయి. కాబట్టి రిజర్వేషన్‌ గానీ, స్కాలర్‌షిప్ గానీ ఎవరో చేసే మెహర్బానీ కాదు. తెలుగులో ‘హక్కు’ అనే మాట ఉర్దూలోని ‘హఖ్’ నుంచే వచ్చింది. ఇక్కడ దాని అర్థం కూడా అదే.

రిజర్వేషన్: ఏ ఇంటికి ఏది?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007 చట్టంతో వెనుకబడిన ముస్లిం వర్గాలకు బీసీ-ఈ కింద 4 శాతం రిజర్వేషన్ వచ్చింది. అంతకు ముందు 2004లో, 2005లో ఇచ్చిన 5 శాతం కోటాలను హైకోర్టు కొట్టేసింది. 2007 చట్టాన్ని కూడా 2010 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టేస్తే, అదే ఏడాది మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చి కోటా కొనసాగడానికి వీలు కల్పించింది. ఈ 4 శాతం నిలబడి ఉన్నది ఆ ఉత్తర్వు మీదే.

బీసీ-ఈలో షేక్, ఖురేషీ, అత్తరు సాయిబులు, ఫకీర్, హజ్జామ్, లబ్బి, ముస్లిం ధోబీ వంటి వర్గాలున్నాయి. సయ్యద్, పఠాన్, మొఘల్, ఇరానీ, అరబ్, బోహ్రా, ఖోజా, కచ్చీ మెమన్ వంటి వారిని ఆ జాబితా నుంచి మినహాయించారు. దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాష్ కుటుంబాలు బీసీ-ఈలో కాదు, బీసీ-బీలో ఉంటాయి. మెహతర్‌లు బీసీ-ఏలో ఉంటారు. ‘ముస్లిం కాబట్టి బీసీ-ఈ’ అని కళ్లు మూసుకుని దరఖాస్తు నింపితే సర్టిఫికెట్ల పరిశీలనలో ఇబ్బంది వస్తుంది.

ఏ బీసీ జాబితాలోనూ లేని కుటుంబాలకు ఈడబ్ల్యూఎస్ కోటా ఉంది. 2019లో 103వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 10 శాతం ఇది. కుటుంబ ఏడాది ఆదాయం 8 లక్షల రూపాయల లోపు ఉండాలి, భూమి, ఇంటి స్థలం విషయంలోనూ పరిమితులున్నాయి. పేద సయ్యద్, పఠాన్ కుటుంబాల్లో ఈ కోటా తమకు వర్తిస్తుందని తెలియని వాళ్లు ఇంకా ఉన్నారు.

ఇంకో ముఖ్యమైన తేడా రాష్ట్ర జాబితాకూ కేంద్ర జాబితాకూ మధ్య ఉంది. ఉస్మానియా, కాకతీయ, శ్రీ వేంకటేశ్వర వంటి రాష్ట్ర యూనివర్సిటీల్లో రాష్ట్ర బీసీ జాబితా నడుస్తుంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఇఫ్లూ, మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ యూనివర్సిటీ వంటి కేంద్ర సంస్థల్లో కేంద్ర ఓబీసీ జాబితా, 27 శాతం కోటా, నాన్ క్రీమీ లేయర్ సర్టిఫికెట్ కావాలి. రాష్ట్రంలో బీసీ అయినంత మాత్రాన కేంద్రంలో ఓబీసీ అయిపోరు. జాతీయ బీసీ కమిషన్ జాబితాలో తమ వర్గం పేరు ఉందో లేదో చూసుకున్నాకే ఆ గడిలో టిక్ పెట్టాలి.

ఫీజు లెక్క: కట్టేదెవరు, ఆగేదెక్కడ?

తెలంగాణలో ఫీజు రీయింబర్స్‌మెంట్, మెయింటెనెన్స్ స్కాలర్‌షిప్ రెండూ ఈ-పాస్ పోర్టల్ ద్వారా నడుస్తాయి. మైనారిటీ విద్యార్థుల కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షల లోపు ఉండాలి. 75 శాతం హాజరు తప్పనిసరి. ఆంధ్రప్రదేశ్‌లో ఆదాయ పరిమితి, పద్ధతి వేరుగా ఉంటాయి, అక్కడ దరఖాస్తులు జ్ఞానభూమి పోర్టల్ ద్వారా వెళ్తాయి.

కాగితం మీద పథకం బాగానే ఉంది. ఇబ్బంది డబ్బు విడుదల దగ్గరే వస్తోంది. తెలంగాణలో బకాయిలు పేరుకుపోయి 2025 నవంబర్‌లో ప్రైవేటు కాలేజీలు బంద్ పాటించే దాకా వెళ్లింది. ప్రభుత్వం కాలేజీకి ఇవ్వాల్సిన డబ్బు ఆలస్యమైతే ఆ భారం చివరికి విద్యార్థి మీద పడుతుంది. ‘ముందు మీరు కట్టండి, వచ్చాక తిరిగిస్తాం’ అంటారు. కోర్సు అయిపోయాక ‘బకాయి ఉంది, సర్టిఫికెట్ ఇవ్వం’ అంటారు. ఆ సర్టిఫికెట్ లేక పీజీలో చేరలేరు, ఉద్యోగంలోనూ చేరలేరు. సర్టిఫికెట్ ఆపడం యూజీసీ నిబంధనల్లో ఫిర్యాదు చేయదగిన విషయం. ఎలా చేయాలో కింద ఉంది.

ఇక ఫీజు ఒక్కటే ఖర్చు కాదు. చేరే ముందే ఇంట్లో కూర్చుని ఒక కాగితం మీద లెక్క వేసుకోవడం మంచిది. ఉదాహరణకు రోజుకు రానూ పోనూ 60 రూపాయలు, నెలకు 24 రోజులు అనుకుంటే 1,440 రూపాయలు. పది నెలలకు 14,400. దీనికి పరీక్ష ఫీజు, పుస్తకాలు, జిరాక్సులు, ల్యాబ్ రికార్డులు, హాస్టల్ అయితే మెస్ బిల్లు కలపాలి. వీటిలో చాలా వాటికి రీయింబర్స్‌మెంట్ రాదు. అమ్మాయిలకు ప్రయాణం విషయంలో కొంత ఊరట దొరికింది. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం ఉంది. ‘దూరం, ఖర్చు’ అని ఆపేసిన అమ్మాయి చదువు గురించి ఆ ఇల్లు మళ్లీ ఆలోచించొచ్చు.

పరిశోధన స్థాయిలో మాత్రం ఒక తలుపు మూసుకుంది. సచార్ నివేదిక తర్వాత 2009లో మొదలైన మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను 2022-23 నుంచి ఆపేస్తున్నట్టు కేంద్రం 2022 డిసెంబర్‌లో పార్లమెంటుకు చెప్పింది. ఇతర పథకాలతో కలిసిపోతోందన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. కాబట్టి పీహెచ్‌డీ ఆలోచన ఉన్న పిల్లలు పీజీ మొదటి ఏడాది నుంచే యూజీసీ నెట్, జేఆర్‌ఎఫ్ మీద దృష్టి పెట్టాల్సి ఉంటుంది.

ఒక్క అక్షరం తేడా

ముస్లిం ఇళ్లలో ఎక్కువగా కనిపించే చిక్కు ఇది. పదో తరగతి మెమోలో ‘మహమ్మద్’ అని పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ‘ఎండీ’ అని పొట్టిగా ఉంటుంది. బ్యాంకు ఖాతాలో ‘షేక్’ ముందు వస్తుంది, కుల ధ్రువపత్రంలో చివర వస్తుంది. ఇంగ్లిష్‌లో షేక్ అనే మాటనే మూడు నాలుగు రకాలుగా రాస్తారు. అమ్మాయిల పేర్లలో ఒక చోట బేగం ఉంటుంది, ఇంకో చోట ఉండదు. మనిషి ఒకరే అని ఊరందరికీ తెలుసు, కంప్యూటర్‌కు మాత్రం తెలియదు.

స్కాలర్‌షిప్ దరఖాస్తు పదో తరగతి పేరుతో మొదలవుతుంది, డబ్బు ఆధార్‌తో ముడిపడిన ఖాతాకు వెళ్తుంది. రెండూ కలవకపోతే దరఖాస్తు మధ్యలో ఆగిపోతుంది. పదో తరగతి మెమోను ప్రమాణంగా పెట్టుకుని ఆధార్, బ్యాంకు ఖాతా, కుల, ఆదాయ ధ్రువపత్రాలను దానికి సరిపోయేలా సరిచేయించడం సులువైన దారి. ఇది ఇంటర్ చదువుతున్నప్పుడే చేసుకోవాలి. అడ్మిషన్ల నెలలో మీసేవ కేంద్రం ముందు, తహసీల్దార్ ఆఫీసు ముందు క్యూలో నిలబడితే గడువు దాటిపోయే ప్రమాదం ఉంది.

భాష: పాఠం అర్థం కాకపోవడం తప్పు కాదు

1918లో మొదలైన ఉస్మానియా యూనివర్సిటీ ఉర్దూ మాధ్యమంలో ఉన్నత విద్య నేర్పింది. సైన్స్, వైద్యం, చట్టం పుస్తకాలను ఉర్దూలోకి తేవడానికి దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థనే నడిపారు. విద్యార్థి భాష కోసం యూనివర్సిటీ తానే ఒక అడుగు ముందుకు వేయడం అంటే అది. అయితే అదే ఉర్దూ అప్పట్లో తెలుగు ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలకు అడ్డుగోడ అయింది. ఇవాళ ఆ గోడ ఇంగ్లిష్ రూపంలో ఉర్దూ మీడియం పిల్లల ముందు, తెలుగు మీడియం పిల్లల ముందు సమానంగా నిలబడింది.

కోర్సు ఇంగ్లిష్ మీడియంలో ఉన్నా పరీక్షను స్థానిక భాషలో రాసేందుకు విద్యార్థులకు అవకాశం ఇవ్వాలని యూజీసీ 2023 ఏప్రిల్‌లో యూనివర్సిటీలను కోరింది. ఇది అన్ని చోట్లా ఒకేలా అమలు కావడం లేదు. చేరేటప్పుడే ‘పరీక్ష ఏ భాషలో రాయొచ్చు?’ అని అడిగి, వీలైతే రాతపూర్వకంగా జవాబు తీసుకోవాలి. ఉర్దూలోనే చదవాలనుకునే వారికి 1998లో హైదరాబాద్‌లో వచ్చిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ యూనివర్సిటీ, 2016లో కర్నూలులో వచ్చిన డాక్టర్ అబ్దుల్ హఖ్ ఉర్దూ యూనివర్సిటీ ఉన్నాయి. మదరసా నుంచి వచ్చే వారి కోసం మౌలానా ఆజాద్ యూనివర్సిటీలో బ్రిడ్జ్ కోర్సులు కూడా ఉన్నాయి.

వివక్ష అంటే దెబ్బలే కానక్కర్లేదు

2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల ప్రాణాలు తీసుకున్నాడు. అంతకు ముందు అతన్ని, మరో నలుగురు విద్యార్థులను హాస్టల్ నుంచి బయటికి పంపారు. 2019 మే 22న ముంబైలో పీజీ వైద్య విద్యార్థిని డాక్టర్ పాయల్ తడ్వీ చనిపోయింది. ఆమె తడ్వీ భిల్ అనే ముస్లిం ఆదివాసీ సమాజపు అమ్మాయి. సీనియర్లు కులం పేరుతో వేధించారన్న ఆరోపణతో కేసు నడుస్తోంది. రోహిత్ తల్లి రాధిక వేముల, పాయల్ తల్లి ఆబెదా తడ్వీ కలిసి 2019లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. క్యాంపస్‌లలో వివక్షను ఆపే నిబంధనలు ఉన్నా అమలు కావడం లేదన్నది ఆ తల్లుల ఫిర్యాదు.

వాళ్లు చెప్పిన ఆ నిబంధనలు 2012 నాటివి. ఉన్నత విద్యా సంస్థల్లో సమానత్వాన్ని పెంచేందుకు యూజీసీ తెచ్చిన ఆ నిబంధనల ప్రకారం కులం, మతం, భాష, జాతి, లింగం, వైకల్యం ఆధారంగా విద్యార్థిని వేరుగా చూడటం, పక్కన పెట్టడం వివక్ష కిందికి వస్తుంది. ప్రతి సంస్థలో ఈక్వల్ ఆపర్చునిటీ సెల్ ఉండాలి. ఫిర్యాదులు చూసేందుకు ప్రత్యేక అధికారి ఉండాలి, యూనివర్సిటీలో ఆయన ప్రొఫెసర్ హోదాకు తగ్గకూడదు. ఫిర్యాదును 60 రోజుల్లో తేల్చాలి. 2026 జనవరిలో యూజీసీ వీటి స్థానంలో కొత్త నిబంధనలు తెచ్చింది. వాటి మీద పెద్ద వివాదం రేగి, అదే నెలాఖరులో సుప్రీంకోర్టు అమలును నిలిపేసింది. అప్పటి వరకు 2012 నిబంధనలే కొనసాగాలని చెప్పింది.

ర్యాగింగ్ విషయంలోనూ చట్టం విస్తరించింది. 2016 సవరణ తర్వాత మతం, కులం, భాష, ప్రాంతం, రంగు పేరుతో తోటి విద్యార్థిని మాటలతో, చేతలతో అవమానించడం కూడా ర్యాగింగే. ‘జోక్‌గా అన్నాం’ అంటే చెల్లదు. యూజీసీ ర్యాగింగ్ వ్యతిరేక హెల్ప్‌లైన్ 1800-180-5522 ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది. లైంగిక వేధింపుల విషయంలో ప్రతి సంస్థలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి, మామూలుగా మూడు నెలల లోపు ఫిర్యాదు ఇవ్వాలి. ఇక మనసు బాగా కుంగిపోయిన పిల్లలకు, వాళ్లను చూసి భయపడుతున్న ఇంట్లో వాళ్లకు టెలీ మానస్ 14416 నంబర్ ఉంది. తెలుగులోనూ మాట్లాడొచ్చు, ఖర్చు ఉండదు.

ఫిర్యాదు: మెట్టు మెట్టుగా

2023 ఏప్రిల్‌లో యూజీసీ విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కారానికి కొత్త నిబంధనలు తెచ్చింది. యూనివర్సిటీ క్యాంపస్‌లోనే కాదు, దానికి అనుబంధంగా ఉన్న ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చదివే వారికీ ఇవి వర్తిస్తాయి. సర్టిఫికెట్లు ఇవ్వకపోవడం, చెప్పిన దానికంటే ఎక్కువ డబ్బు అడగడం, రిజర్వేషన్ పాటించకపోవడం, స్కాలర్‌షిప్ ఆలస్యం, ఫీజు వాపసు ఇవ్వకపోవడం, మార్కుల్లో అన్యాయం, ఇవన్నీ ఫిర్యాదు చేయదగినవే. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, మహిళలు, వికలాంగులతో పాటు మైనారిటీ విద్యార్థుల పట్ల వివక్ష కూడా ఇందులో పేరు పెట్టి రాసి ఉంది.

మొదటి మెట్టు: సంస్థ ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫిర్యాదు. దాన్ని 15 రోజుల లోపు స్టూడెంట్ గ్రీవెన్స్ రిడ్రెసల్ కమిటీకి పంపాలి.

రెండో మెట్టు: కమిటీ విచారణ. ప్రొఫెసర్ ఛైర్మన్‌గా, నలుగురు సీనియర్ అధ్యాపకులు సభ్యులుగా ఉంటారు. వీరిలో కనీసం ఒక మహిళ, కనీసం ఒకరు ఎస్సీ, ఎస్టీ లేదా ఓబీసీ వర్గం నుంచి ఉండాలి. కమిటీ 15 పని దినాల్లో నివేదిక ఇవ్వాలి.

మూడో మెట్టు: అక్కడ న్యాయం జరగలేదనిపిస్తే 15 రోజుల్లో యూనివర్సిటీ అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు. ఈ పదవిలో రిటైర్డ్ వైస్ ఛాన్సలర్, రిటైర్డ్ ప్రొఫెసర్ లేదా మాజీ జిల్లా జడ్జి ఉంటారు. 30 రోజుల్లో పరిష్కరించే ప్రయత్నం చేయాలి. సంస్థ ఆయన మాట వినకపోతే యూజీసీ చర్య తీసుకోవచ్చు.

ఇవి కాక యూజీసీ ఈ-సమాధాన్ పోర్టల్‌లో నేరుగా కూడా ఫిర్యాదు పెట్టొచ్చు. ఒక విషయం గుర్తుంచుకోవాలి. అబద్ధపు ఫిర్యాదు అని తేలితే విద్యార్థి మీద చర్యకు సిఫార్సు చేసే వీలు కూడా నిబంధనల్లో ఉంది. అందుకే కోపంలో కాకుండా కాగితంతో మాట్లాడాలి. ఏ తేదీన, ఎవరు, ఏమన్నారు, ఎవరు విన్నారు అన్నది అదే రోజు రాసి పెట్టుకోవాలి. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు అడగాలి. వాట్సాప్ మెసేజ్‌లు చెరపకూడదు. ఫిర్యాదు నంబర్ ఫొటో తీసి ఇంట్లో ఒకరికి పంపాలి. ఎదుటివారు మాట మార్చినా ఈ కాగితాలు మారవు.

‘ఎందుకు బేటా గొడవ?’

ఇన్ని నిబంధనలున్నా ఫిర్యాదు ఇవ్వడానికి చాలా మంది వెనకాడతారు. కారణం భయం. ఇంటర్నల్ మార్కులు తగ్గిస్తారేమో, పేరు బయటపడుతుందేమో, అమ్మాయి అయితే నలుగురూ ఏమనుకుంటారో అని. ‘ఎందుకు బేటా గొడవ, మూడేళ్లు ఓర్చుకో’ అనే మాట ప్రేమతోనే వస్తుంది. కానీ ఆ మాట విన్న పిల్ల ఇంకోసారి ఇంట్లో చెప్పదు. అప్పుడు సమస్య ఇంటి వాళ్లకు చివరి రోజున తెలుస్తుంది.

అమ్మాయిల విషయంలో ఇంకో ప్రమాదం కూడా ఉంది. క్యాంపస్‌లో ఇబ్బంది ఉందని చెబితే ‘అయితే చదువు మానేయ్, సంబంధం చూస్తాం’ అనే జవాబు వస్తుందేమోనని వాళ్లు నోరు విప్పరు. తప్పు చేసింది ఎవరో, చదువు పోగొట్టుకునేది ఇంకెవరో అవుతుంది. ‘నీ చదువు ఆగదు, ముందు ఏం జరిగిందో చెప్పు’ అని అబ్బా, అమ్మీ ముందే భరోసా ఇస్తే ఇన్‌క్లూజన్ ఇంటి నుంచే మొదలవుతుంది. భాయీజాన్‌లు చేయాల్సింది కాపలా కాదు, ఫిర్యాదు దరఖాస్తు రాయడంలో పక్కన కూర్చోవడం.

మొహల్లా స్థాయిలో కూడా చేయగలిగిన పనులున్నాయి. అడ్మిషన్ల నెలలో మసీదు కమిటీలు, పూర్వ విద్యార్థులు కలిసి రెండు సాయంత్రాలు కూర్చుని ధ్రువపత్రాలు, స్కాలర్‌షిప్ దరఖాస్తులు చూసిపెడితే చాలా ఇళ్ల గడువులు దాటిపోవు. జకాత్, సదఖా డబ్బుతో ఫీజు మొత్తం కట్టలేకపోయినా, రీయింబర్స్‌మెంట్ వచ్చే దాకా పరీక్ష ఫీజు వరకు ఆదుకోవచ్చు. అర్హత ఉన్నవారికే అందేలా స్థానిక ఉలమాను అడిగి చేస్తే ఎవరికీ సందేహం మిగలదు.

యూనివర్సిటీని అడగాల్సిన నాలుగు ప్రశ్నలు

యూనివర్సిటీల బాధ్యత కుటుంబాల బాధ్యత కంటే పెద్దది. కమిటీ పేరు వెబ్‌సైట్‌లో ఒక మూల పెట్టినంత మాత్రాన పని అయిపోదు. 2023 నిబంధనలు కమిటీలో మహిళకు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ ప్రతినిధికి చోటు తప్పనిసరి చేశాయి గానీ మైనారిటీ ప్రతినిధి తప్పనిసరి అనలేదు. అయినా సభ్యుల్లో ఒకరిని మైనారిటీ వర్గం నుంచి తీసుకోవడానికి ఏ సంస్థకూ అడ్డు లేదు. అడిగే వాళ్లుండాలి.

అందుకే అడ్మిషన్ రోజునే కౌంటర్ దగ్గర ఈ నాలుగు ప్రశ్నలు అడిగి, జవాబులు రాసుకోవడం మంచిది. ఫిర్యాదుల కమిటీ సభ్యులు ఎవరు, వాళ్ల ఫోన్ నంబర్లు ఎక్కడ ఉన్నాయి? స్కాలర్‌షిప్ వ్యవహారాలు చూసే అధికారి ఎవరు? ఇంగ్లిష్‌లో వెనకబడిన వారికి అదనపు క్లాసులు ఉన్నాయా, పరీక్ష ఏ భాషలో రాయొచ్చు? రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైతే సర్టిఫికెట్ ఆపబోమని రాసిస్తారా? నాలుగో ప్రశ్నకు చాలా చోట్ల నేరుగా జవాబు రాదు. అలా రాకపోతే అదే సమాధానం అనుకుని, రసీదులన్నీ మొదటి రోజు నుంచే ఒక ఫైలులో పెట్టడం మొదలు పెట్టాలి.